బండి తల్లికి చెప్పవలసిన మాట

థవిన్ పోయిన రోజున అతని కోత మిషను చాలాసేపు నడుస్తూనే ఉంది.

నోయి ఏటి పక్కన పల్లపు చేలో, ఎండాకాలపు కోత సగంలో ఉండగా, మంచినీళ్లు తాగుదామని దిగి మిషను నీడలో, చక్రాల బదులుండే చైను పట్టాకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. ఇంజిన్ మోగుతోందంటే మనిషి పనిలో ఉన్నట్టే కాబట్టి గట్టు మీదున్నవాళ్లకు అనుమానం రాలేదు.

అతని భార్య లమై అన్నం క్యారేజీ పెట్టుకుని పికప్ బండిలో వచ్చేసరికి చేలో జనం పోగయ్యారు. ఎవరో ఆమె చేతిలోని క్యారేజీ అందుకున్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పినా ఆ మోతలో వినబడేది కాదు. ఇంజిన్ ఆపుదామని ఒకరి తరువాత ఒకరు పైకెక్కి, ఆపలేక దిగుతున్నారు. తాళం తిప్పితే ఆగే ఇంజిన్ కాదది. సీటు వెనక కిందుగా సైకిల్ బ్రేకు తీగ ఒకటి ఉంటుంది. దాన్ని లాగి, ఇంజిన్ పూర్తిగా ఆగేదాకా పట్టుకునే ఉండాలి. కాస్త ముందు వదిలినా మళ్లీ అందుకుంటుంది. ఆ సంగతి ఆ మొగుడూ పెళ్లాలకే తెలుసు.

లమై పైకెక్కి తీగ లాగి పట్టుకుంది. ఇంజిన్ మూలిగి, వణికి, ఆగింది. అప్పుడు గాని కింద ఎవరో ఏడుస్తున్నారని ఆమెకు తెలియలేదు.

దహనం ఊరి బౌద్ధాలయం వాట్‌లో జరిగింది. భిక్షువులు మంత్రాలు చదివారు, చుట్టాలు వంటలు చేశారు, చుట్టుపక్కల మిషన్ల వాళ్లందరూ వచ్చి వెళ్లారు. లమై వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చింది, వెళ్లేవాళ్లకు చేతులు జోడించింది. ఏం జరిగిందని అడిగినవాళ్లకు ఆ రోజు చేలో ఉన్నవాళ్లే చెప్పారు. ఆమె తన నోటితో ఆ మాట అనవలసిన అవసరం ఎక్కడా రాలేదు.

మిషనును లాక్కొచ్చి ఇంటి ముందు రేకుల షెడ్డులో, పాత లారీ పక్కన పెట్టారు. ఆ లారీ థవిన్ తండ్రిది. అది ఇక రోడ్డెక్కే స్థితిలో లేదని తేలాక థవిన్ దాని ఇంజిన్ విప్పి ఈ మిషనులో బిగించుకున్నాడు. అప్పటినుంచి లారీ ముందు భాగం పళ్లూడిన నోరులా తెరుచుకుని ఉంది. ఇంజిన్ ఉండే చోట కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

“దీన్ని ఎవరూ ముట్టుకోకండి” అంది లమై. ఆమె ఒక మాట రెండోసారి చెప్పే మనిషి కాదు. వానాకాలం వచ్చి, ముసురు పట్టి, సడలినా మిషను అలాగే ఉండిపోయింది.

వానల చివర ఆ పల్లపు పొలాల్లోకి వరద నీళ్లు వదులుతారు. కింద పట్టణాలు మునగకుండా ఏటా చేసే పనే. ఆలోగా కోతలు అయిపోవాలి. ఆ ఏడు గాలివాన ముందే కొట్టింది.

ఒక పొద్దుట ఫయోమ్ పెద్దమ్మ కర్ర ఊతంతో షెడ్డు దాకా వచ్చింది. కాలువ వారన ఉన్న అతి మెత్తటి చేను ఆమెదే.

“లమై! ఇంట్లో ఉన్నావా, నువ్వూ కోళ్లతో పాటు లారీలో పొదుగుతున్నావా?”

“ఇక్కడే ఉన్నా పెద్దమ్మా. రా, కూర్చో.”

“కూర్చున్నానంటే లేవలేను...” అని, ఆ మాట ఎవరింట్లో అంటోందో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. లమై విననట్టే పీట జరిపింది. పెద్దమ్మ కూర్చుని భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

“నా చేను పడిపోయిందే. సగానికి సగం నేలమీదే ఉంది. పెద్ద మిషన్ల వాళ్లు వచ్చారు, గట్టు మీద నిలబడి చూశారు. నా చేలో దిగితే వాళ్ల మిషను బయటికి లాగడానికి ఇంకో మిషను కావాలట. నవ్వుకుంటూ వెళ్లారు.”

“నీళ్లెప్పుడు వదులుతారట?”

“మైకులో చెప్తూనే ఉన్నారుగా. పైన వరద ఒక్క ఊపు ఎక్కువైతే చెప్పిన రోజుకన్నా ముందే వదిలేస్తారు. చేను పోతే నాకు ఈ ఏడు తిండి లేదు లమై. నా బురద తెలిసిన మిషను ఇదొక్కటే.”

లమై షెడ్డు వైపు చూసింది. “నడిపేవాళ్లు కావాలిగా పెద్దమ్మా.”

“ఆ వినై ఏమయ్యాడు? ఇన్నేళ్లూ థవిన్ వెనక తిరిగింది గాలి పోసుకోడానికా?”

వినై కబురందగానే వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. థవిన్ సీట్లో ఉంటే కింద నడుస్తూ మెత్తటి చోట్లు చూపించడం అతని పని. సెంటు భూమి వదలకుండా కోయడం థవిన్ దగ్గరే నేర్చాడు. మిషను చుట్టూ తిరిగాడు, చైన్లు బిగువు చూశాడు, బ్లేడ్ల మీద తుప్పు గోటితో గీకాడు. పికప్ బ్యాటరీ తెచ్చి కిందనుంచే తీగలు తగిలించాడు. మెట్టు మీద మాత్రం కాలు పెట్టలేదు.

“వదినా, తల్లికి చెప్పావా?”

లమై మిషను ముందు కట్టి ఉన్న రంగుల గుడ్డల వైపు చూసింది.

ప్రతి బండిలోనూ మే యానాంగ్ తల్లి ఉంటుంది. ఆమె పేరనే ముందు భాగానికి మూడు రంగుల గుడ్డలు కడతారు, మల్లెదండలు వేస్తారు. బండి పట్టే చెయ్యి మారితే ఆ ఇంటి మనిషే ఆమెకు నోరు తెరిచి చెప్పాలి: ఫలానావాడు పోయాడు, ఇకనుంచి ఇతను కూర్చుంటాడు, కాపాడు తల్లీ అని. చెప్పకుండా కొత్తవాడు ఎక్కితే ఆమె ఒప్పుకోదు.

“నువ్వే చెప్పుకోరాదూ” అంది లమై చివరికి.

“నేను ఇంటి మనిషిని కాదుగా వదినా. నేను చెప్తే పక్కింటోడొచ్చి చాడీ చెప్పినట్టుంటది. నాకు పిల్లలున్నారు. చేతులూ కాళ్లూ కావాలి.”

“అసలు తల్లి ఇందులో ఉందా?” అంది ఫయోమ్ పెద్దమ్మ కర్రతో మిషనును చూపిస్తూ. “ఆవిడ లారీది కదా.”

“ఇంజిన్‌తో పాటే వచ్చేసింది పెద్దమ్మా. గుడ్లూ పళ్లూ పెట్టి, ఇటు రా తల్లీ అని థవిన్ అన్న పిలిచినప్పుడు పక్కన నేనే ఉన్నా.”

“పిలిస్తే వచ్చేసినట్టేనా? నేను నిన్ను పిలిస్తే ఎన్నిసార్లు వచ్చావ్? తల్లి లేకపోతే ఆ లారీలో కోళ్లు అన్నన్ని గుడ్లు ఊరికే పెడుతున్నాయా?”

“అయితే రెండు చోట్లా చెప్పమను. పోయేదేముంది.”

లమైకి నవ్వొచ్చింది. చాలా నెలల తరువాత వచ్చిన నవ్వు. “పొద్దున చెప్తాలే” అంది.

మర్నాడు ఆమె స్నానం చేసి, మల్లెదండ, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపళ్లు తెచ్చింది. ఎర్ర సోడా మూత తీసి, తల్లి తాగడానికి వీలుగా సీసాలో స్ట్రా వేసింది. అన్నీ పళ్లెంలో సర్ది మిషను ముందు పెట్టి, అగరుబత్తి వెలిగించి చేతులు జోడించింది. వినై మర్యాదగా లారీ అవతలికి పోయి నిలబడ్డాడు.

“తల్లీ, ఈసారి వానలు ముందే వచ్చాయి” అని మొదలుపెట్టింది లమై. “ఫయోమ్ పెద్దమ్మ చేను పడిపోయింది. ఆమెకు మోకాలు నొప్పి ఎక్కువైంది. నీళ్లు వదిలేలోగా కొయ్యాలి. ఇన్నాళ్లూ నిన్ను పలకరించలేదు, ఏమనుకోకు.” అక్కడ ఆగింది. అగరుబత్తి బూడిద విరిగి పళ్లెంలో పడింది. “షెడ్డు రేకు ఒకటి కారుతోంది. వేయిస్తాను” అని దండం పెట్టి లేచింది.

వినై ఎదురొచ్చాడు. “చెప్పావా?”

“చెప్పాను.”

“ఏం చెప్పావ్?”

“వానల గురించి.”

“ఇంకా?”

“పెద్దమ్మ మోకాలు గురించి.”

వినై తల గోక్కున్నాడు. “వదినా, నువ్వు సంతలో అందరినీ మించిన మాటకారివి. మొన్న మండీవాడిని అంతమందిలో నిలబెట్టి కడిగేశావ్. ఒక్క మాట కదా.”

“ఒక్క మాటే.”

ఆమె గొంతు విని అతను మళ్లీ అడగలేదు. మెట్టు ఎక్కనూ లేదు.

లమై పావడా మోకాళ్ల దాకా ఎగదోపి తనే మెట్టెక్కి సీట్లో కూర్చుంది. సీటు థవిన్ ఒంటికి తగ్గట్టు గుంటపడి ఉంది. ఆమెకు అందులో కుదురు చిక్కలేదు.

“వదినా!”

“నేను కొత్త చెయ్యి కాదుగా. ఆవిడకు నేను తెలుసు. నువ్వు ముందు నడు.”

సెల్ఫ్ కొట్టింది. రెండుసార్లు కొట్టినా మూలిగి ఊరుకుంది. మూడోసారి షెడ్డంతా నల్లగా పొగ నింపి అందుకుంది. లారీలో కోళ్లన్నీ గోల చేస్తూ బయటపడ్డాయి. మిషను కాలువ దారిన చైన్ల మీద కదిలింది. ముందు వినై వెదురు కర్ర పట్టుకుని నడిచాడు.

చేలో మొదటి చాళ్లు బాగానే సాగాయి. పడిన పైరును లేపి కోయాలంటే ముందు తిరిగే రీలు కిందికి దించి, ఒరిగిన దిక్కుకు ఎదురుగా నెమ్మదిగా వెళ్లాలి. థవిన్ పక్కన నిలబడి ఏళ్లతరబడి చూసిన పని. చూడడం వేరు. బ్లేడు రెండుసార్లు మట్టిని తిన్నది. గట్టు మీదనుంచి పెద్దమ్మ చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తోంది. ఆమె మొహం చూస్తే తిట్టు కాదని తెలుస్తోంది.

కాలువ వైపు మలుపు తిరుగుతుండగా ఇంజిన్ గొంతు మారింది. లేచి, పడి, మళ్లీ లేచింది. లమై రేజింగ్ పెంచింది. ఇంజిన్ దగ్గి, తెల్లటి పొగ కక్కి, ఆగిపోయింది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా పలకలేదు.

వినై కర్ర పాతి నిలబడ్డాడు. నే చెప్పలా అన్న మాట అతని మొహం నిండా రాసి ఉంది. నోటితో మాత్రం అనలేదు. ఆ మంచితనం లమైని ఇంకా కుంగదీసింది.

“ఆవిడకు కోపం వచ్చిందే” అంది పెద్దమ్మ గట్టు మీదనుంచి. “నా చేలోనే రావాలా ఆ కోపం!”

మెకానిక్ ప్రయూన్ మోటారు సైకిలు మీద వచ్చాడు. థవిన్ ఈడువాడు. లారీలో ఉన్నప్పటినుంచీ ఆ ఇంజిన్ అతనికి తెలుసు. లుంగీ ఎగ్గట్టి బురదలో దిగి, పానాల సంచి చైను మీద పెట్టాడు. ముందుగా ఇంజిన్ వైపు తిరిగి చేతులు జోడించాడు.

“తల్లీ, విప్పుతున్నా, ఏమనుకోకు. ఇన్నాళ్లకు వచ్చా. మన థవిన్...”

“అన్నా!” అంది లమై.

ప్రయూన్ ఆగాడు.

“ఆ మాట నువ్వు చెప్పకు.”

“ఇంకా చెప్పలేదా?”

“లేదు. ఆవిడ లెక్కలో ఆయన మంచినీళ్లకి దిగాడు. అంతవరకే ఆవిడకు తెలుసు.”

ప్రయూన్ ఓదార్చబోయి మానుకున్నట్టు పానా తీసుకున్నాడు. “సరే. నువ్వే చెబుదువు గాని. ముందు కడుపులో ఏముందో చూద్దాం.”

డీజిల్ ఫిల్టరు అడుగున మర వదులు చేసి, కింద గాజు సీసా పట్టాడు. మొదట నీళ్లు వచ్చాయి. తరువాత గోధుమ రంగు జిగురు జారింది. ఆ తరువాత గాని డీజిల్ రాలేదు. సీసా ఎత్తి ఎండకు పట్టి చూపించాడు.

“ట్యాంకులో డీజిల్ ఎంత ఉంచి పెట్టారు?”

“సగం. ఆ రోజు ఎంత ఉందో అంతే.”

“ఆ రోజునుంచి వానాకాలమంతానా? థవిన్ సంగతి నీకు తెలుసుగా. కోత అయిన రోజే ట్యాంకు నిండా పోసి గాని మిషనును షెడ్డులో పెట్టేవాడు కాదు. సగం ఖాళీగా ఉంటే లోపల చెమ్మ పట్టి నీళ్లు దిగుతాయి. నీళ్లలో ఈ పాచి పెరుగుతుంది. పంపు దాకా పోలేదు, అదృష్టం.”

“అయితే తల్లి కోపం కాదా?” అన్నాడు వినై.

“తల్లికి కోపం లేదని నేనన్నానా? డీజిల్ పాడైందని అన్నా. కోపం ఉందో లేదో ఎక్కి చూడు, తెలుస్తుంది.”

“నాకు తెలియక్కర్లేదు” అని వినై కొత్త ఫిల్టరు కోసం మోటారు సైకిలు తీసుకుని పోయాడు.

లమై ఆ సీసా వైపు చూసింది. ముట్టుకోవద్దన్నది తనే. ముట్టుకోకపోతే ఉన్నది ఉన్నట్టుగా ఉంటుందనుకుంది.

ట్యాంకులో ఉన్నదంతా డబ్బాల్లోకి వదిలేశారు. కొత్త డీజిల్ కొంచెం పోసి, కుదిపి, అది కూడా పారబోశారు. వినై తెచ్చిన ఫిల్టరు బిగించాక లైన్లో పట్టిన ఎయిర్ తీయాలి. ప్రయూన్ పైన మర వదులు చేసి పట్టుకుంటే లమై చేతి పంపు కొట్టింది. మర సందులోంచి నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి. చెయ్యి నొప్పి పుట్టినా ఆపలేదు.

“ఇంకా, ఇంకా. ఆగకు. నువ్వు ఆగితే అదీ ఆగుతుంది” అన్నాడు ప్రయూన్.

బుడగలు తగ్గి, డీజిల్ తీగలా సన్నగా, తెరిపి లేకుండా కారింది. అతను మర బిగించాడు. “ఎక్కు. కొట్టు.”

మొదటిసారి అందుకుని ఆగింది. రెండోసారి అందుకుంది. కాసేపు కుంటి, తరువాత నిలకడగా మోగింది. పెద్దమ్మ గట్టు మీద కూర్చున్నదల్లా లేచి నిలబడింది, కర్ర కూడా మరిచిపోయి.

అప్పటికి దూరంగా మైకు మొదలైంది. పైన వరద పెరిగిందని, తూములు ఆ సాయంత్రమే ఎత్తుతున్నారని, పొలాల్లో ఉన్నవాళ్లు సామాను తీసుకోవాలని చెబుతోంది. ఎవరూ చర్చించలేదు. లమై రీలు దించింది. వినై ముందు నడిచాడు. మెత్తగా ఉన్నచోట కర్ర అడ్డంగా పట్టి ఆపేవాడు, గట్టిగా ఉన్నచోట కర్రతో దారి చూపించేవాడు. ఒకచోట చైను బురదలో దిగి మిషను ఒక పక్కకు ఒరిగింది.

“వెనక్కి, వదినా, వెనక్కి! స్టీరింగ్ తిప్పకు, నేరుగా!” అని అరిచాడు. చెయ్యి మెట్టు దాకా చాచి, కడ్డీ పట్టుకోబోయి, వెనక్కి తీసుకున్నాడు. “అయ్యో, అన్నయితే ఇలా...” అని, ఇంజిన్ మీద చూపు పడి మింగేశాడు.

లమై నేరుగానే వెనక్కి తెచ్చింది. చైను గట్టి నేలకు అంది మిషను పైకి లేచింది.

మిషను నుంచి రాలిన వడ్లను గట్టు మీద ట్రక్కులో నింపారు. ప్రయూన్ ఇంటికి పోకుండా ఆగి, వడ్లు రాలే తొట్టి కింద బస్తాలు పట్టాడు. ఎవరు తెచ్చారో గాని ప్లాస్టిక్ సంచుల్లో ఐసు వేసిన తీపి కాఫీ వచ్చింది. లమై ఒక చేత్తో స్టీరింగు పట్టుకునే తాగింది.

పొద్దు వాలేవేళకు కాలువ వైపునుంచి నీళ్లు మొదలయ్యాయి. తోసుకుంటూ రాలేదు. చాళ్లలో సన్నగా మెరిసి, మళ్లీ చూసేసరికి వెడల్పయ్యాయి. కాలువ వార కోయని పట్టె ఒకటి మిగిలిపోయింది. లమై మిషనును అటు తిప్పింది. వినై పరిగెత్తి వచ్చి కర్ర అడ్డం పెట్టాడు.

“వద్దు వదినా. దిగితే ఇక రాము.”

“ఇంకొక్క చాలు...”

“వద్దే” అంది పెద్దమ్మ గట్టు మీదనుంచి. “ఆ మూల బాతులకు వదిలెయ్. నాకు తిండిగింజలు వచ్చేశాయి. నువ్వు దిగి రా ముందు.”

లమై మిషనును గట్టెక్కించింది. ట్రక్కు కదిలిపోయింది. ఫయోమ్ పెద్దమ్మ దగ్గరికొచ్చి, మాటలేవీ లేకుండా, లమై మోచేతి మీద ఎండిన బురదను బొటనవేలితో రాల్చింది. ఆమె అంతసేపు ఊరుకోవడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

“సీటు నాకు సరిపోవడంలేదు పెద్దమ్మా” అంది లమై.

“దిండు వేసుకో” అంది పెద్దమ్మ. “మార్చకు. దిండు వేసుకో.”

ఇప్పుడా పొలాలన్నీ నీళ్ల కింద ఉన్నాయి. జనం వలలు వేసుకుంటున్నారు. నీళ్లు తీశాక వేసే పంటకు మిషను కావాలని మరికొన్ని మెత్తటి చేల వాళ్లు లమైని అడిగి వెళ్లారు. ఆమె సరేనంది. వినై రోజూ సాయంత్రం షెడ్డుకు వచ్చి చైన్లకు గ్రీజు పెట్టిపోతున్నాడు.

“నన్ను ఎన్నాళ్లిలా ముందు నడిపిస్తావ్ వదినా?”

“నడిస్తే మంచిదే. పొట్ట తగ్గుతుంది.”

“అది కాదు వదినా.”

“తెలుసులే.”

బ్లేడ్లు పదును పెట్టడం అయింది. షెడ్డు రేకు మార్చడం అయింది. మిషను నడపడానికి వినై సిద్ధంగా ఉన్నాడు. థవిన్ చనిపోయాడని లమై మే యానాంగ్‌కు ఇంకా చెప్పలేదు.